ఇంటర్వ్యూకును ఫలితమునకును నడుమ

మన గ్రామములలో ఉద్యోగములను గూర్చి మాటలాడునపుడు రెండు సంగతులనే ముఖ్యముగా చెప్పుకొందుము. పిల్లవాడు ఏమి చదివినాడనునది మొదటిది. ఎక్కడ చేరినాడనునది రెండవది. ఈ రెండింటికి నడుమ మరియొక కాలమున్నది. అభ్యర్థి ఇంటర్వ్యూకు పోయివచ్చినాడు. జవాబు మాత్రము రాలేదు. ఆ కాలము పది దినములు కావచ్చును, ఆరు మాసములు కావచ్చును. దానిని ఎట్లు గడపవలెనో ఏ పాఠశాలయు నేర్పదు. ఏ గ్రామసభయు చర్చింపదు. అయినను కుటుంబము తొందరపడి అప్పు చేయుటకును, దళారి గడప త్రొక్కుటకును, చేతిలోని పనిని యువకుడు విడిచిపెట్టుటకును అవకాశము హెచ్చుగా నుండునది ఈ కాలముననే. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట అవసరమని తలచుచున్నాము.

మన ప్రాంతమునకు ఇది క్రొత్త అనుభవము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గముపై నున్న పట్టణములు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడును చేరియున్నవి. ధర్మవరము పట్టుచీరలకును, హిందూపురము వర్తకమునకును పేరుపడినవి. 1565లో తళ్లికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని అయ్యెను. ఈ పట్టణముల చుట్టునున్న గ్రామములలో చాలకాలము కొడుకు తండ్రి పనినే చేపట్టుచుండెను. మగ్గపు గుంటలో కూర్చుండబోవు కుమారునకు ఏ తండ్రియు ఇంటర్వ్యూ జరుపలేదు. వేరుసెనగ చేనిలో దిగినవానికి నియామకపత్రము ఎవరును వ్రాసి యియ్యలేదు.

ఆ స్థితి మారినది. 2017 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాకు చెందిన కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద కార్ల ఫ్యాక్టరీని నెలకొల్పెను. 2019లో కార్ల తయారీ మొదలై, ఆ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయు సామర్థ్యముతో దానిని నిర్మించిరి. విడిభాగములను తయారుచేయు కంపెనీలును సమీపమున వెలసినవి. ఐటిఐ, డిప్లొమా, డిగ్రీ చదివిన యువతీయువకులు వీనికొరకును, హిందూపురము ప్రక్కనున్న పరిశ్రమలకొరకును, బెంగుళూరులోని కొలువులకొరకును ఇంటర్వ్యూలకు పోవుచున్నారు.

పుట్టుకకు, పెండ్లికి, చావుకు మన ఊళ్లలో ఆచారములు కలవు. ఎవరు ఏమి చేయవలెనో, ఏమి మాటలాడవలెనో అందరికిని తెలియును. ఇంటర్వ్యూ ఫలితమునకై ఎదురుచూచు ఇంటి విషయమున అట్టి ఆచారమేదియు ఇంకను ఏర్పడలేదు. అందువలననే రచ్చకట్టవద్ద కూర్చున్న పెద్దలు ప్రతిదినము "ఏమప్పా, వచ్చిందా?" అని అడుగుచుందురు. అడుగువారికి అది ఆదరణ. జవాబు లేనివానికి అది ప్రతిదినము జరుగు పరీక్ష.

తెలియకపోవుట ఏల బాధించును?

చెడువార్త విన్నవానికంటె ఏ వార్తయు వినక కూర్చున్నవాడు హెచ్చుగా బాధపడుట పిరికితనమని కొందరు తలంతురు. అది సరికాదు. 2016లో లండను విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన పరిశోధకులు 45 మందిపై జరిపిన ఒక ప్రయోగమును ప్రకటించిరి. కంప్యూటరు తెరపై కనబడు రాళ్ల క్రింద పాము ఉన్నదో లేదో ఊహించి చెప్పవలెను. పాము ఉన్నచో చేతికి స్వల్పముగా విద్యుద్ఘాతము తగులును. వారి చెమటను, కనుపాపల మార్పును కొలిచి చూడగా, దెబ్బ తప్పదని తెలిసినపుడు కంటె, తగులునో తగులదో సగము సగముగా ఉన్నపుడే కలవరము హెచ్చుగా కనబడెను. కావున ఇంటర్వ్యూ బాగుగా జరిగినది కాని ఫలితము తెలియలేదను యువకునకు నిద్రపట్టకపోవుట మానవ స్వభావమే.

"దిగులుపడకుము" అని చెప్పుట వలన దిగులు పోవునా? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున న్యాయవాద పరీక్ష వ్రాసినవారు ఫలితమునకై నాలుగు మాసములు ఎదురుచూచుచుండిరి. కేట్ స్వీనీ అను ఆచార్యురాలు తన సహచరులతో కలిసి అట్టివారిని 230 మందిని పరిశీలించి, 2016లో ఫలితములను ప్రకటించెను. దిగులును అణచుకొనుటకు వారు చేసిన యత్నములు అంతగా ఫలింపలేదు. అంతేకాక, ఆ నాలుగు మాసములు ఆందోళనపడినవారు చెడువార్తను కొంత నిబ్బరముతో తట్టుకొనిరి. మంచివార్త విన్నపుడు హెచ్చుగా సంతోషించిరి. దిగులు పూర్తిగా నిరర్థకము కాదని దీనివలన తెలియుచున్నది. అయితే మనస్సును పూర్తిగా లగ్నము చేయించు పనిలో మునిగినవారికి ఎదురుచూచుట కొంత తేలిక అగునని ఆమె తరువాత జరిపిన పరిశోధనలలో కనబడెను.

పని లేని తీరికను గూర్చి ఐరోపా నుండి మరియొక పాఠము కలదు. ఆస్ట్రియా దేశములో మారియెంటాల్ అను గ్రామమున బట్టల మిల్లు మూతపడగా ఊరంతయు పనిలేనిదయ్యెను. పరిశోధకులు 1931 ప్రాంతమున అక్కడికి పోయి పరిశీలించి, 1933లో ఒక గ్రంథమును ప్రకటించిరి. తీరిక పెరిగినది గనుక జనులు హెచ్చుగా చదువుదురని ఎవరైనను ఊహింతురు. అక్కడ జరిగినది వేరు. రుసుము తీసివేసినను, గ్రంథాలయము నుండి తీసికొనిపోవు పుస్తకముల సంఖ్య దాదాపు సగమునకు తగ్గెను. వీధిలో పురుషుల నడక సయితము మందగించెను. పని లేక ఎదురుచూచు దినములు విశ్రాంతి కావనుటకు ఇది మంచి నిదర్శనము.

గడువు తెలిసినచో భారము తగ్గును

ఎదురుచూపులన్నియు ఒక్కటి కావు. 2019లో గ్రామ, వార్డు సచివాలయములలో 1 లక్షా 26 వేలకు పైగా ఉద్యోగములకు జూలైలో ప్రకటన వెలువడెను. సెప్టెంబరు 1 నుండి 8వ తేదీ వరకు పరీక్షలు, 19న ఫలితములు జరిగిపోయినవి. అక్టోబరు 2న సచివాలయములు ఆరంభమైనవి. సుమారు 20 లక్షలమంది వ్రాసిన పరీక్షయైనను, ఆ నిరీక్షణ వారములలో ముగిసెను.

దీనికి భిన్నమైనది 1998 నాటి డిఎస్సీ చరిత్ర. ఆ ఉపాధ్యాయ నియామకములలో వ్రాతపరీక్షకు తోడు ఇంటర్వ్యూ కూడ ఉండెను. ఇంటర్వ్యూకు అర్హత నిచ్చు కనీస మార్కుల విషయమున వివాదము లేచి, న్యాయస్థానములకు ఎక్కెను. మిగిలిపోయిన అభ్యర్థులకు ఉద్యోగములిచ్చుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 జూన్‌లో అంగీకరించెను. 2023లో వారిని ఒప్పంద పద్ధతిపై, కనీస వేతన స్కేలుతో నియమించిరి. పాతికేండ్ల వయస్సున పరీక్ష వ్రాసినవారు అప్పటికి ఏబదికి చేరువైరి; కొందరు పదవీ విరమణ వయస్సునకు దగ్గరపడిరి. ఆ 24 సంవత్సరములు ఎవరును గుమ్మముకడ కూర్చుండి గడుపజాలరు. సేద్యమో, ప్రైవేటు పాఠశాలయో, చిన్న వర్తకమో, కూలిపనియో చేసికొని బ్రదుకవలసినదే. నిరీక్షణ ఎంత పొడుగగునో ముందుగా ఎవరికిని తెలియదు గనుక, బ్రదుకును దానికి కట్టివేయరాదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

అభ్యర్థి చేయదగిన పనులు

ఇంటర్వ్యూ గదిని విడుచునపుడే మూడు సంగతులు మర్యాదగా అడిగి తెలిసికొనవలెను. ఫలితము ఎప్పటికి తెలియును? ఫోనులోనా, ఈమెయిలులోనా, ఉత్తరము ద్వారానా? ఆలస్యమైనచో ఎవరిని అడుగవలెను? వీనిని తేదీతో సహా పుస్తకములో వ్రాసికొనవలెను. ఆనాడు అడిగిన ప్రశ్నలను, సరిగా చెప్పలేకపోయిన వానిని కూడ ఆ సాయంకాలమే వ్రాసియుంచుట మంచిది. ఫలితమేదైనను ఆ కాగితము తరువాతి ఇంటర్వ్యూకు పనికివచ్చును.

దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు పనిచేయుచున్నదో లేదో చూచుకొనవలెను. మన ఊళ్లలో చాలమంది దరఖాస్తులను నెట్ సెంటరులో నింపింతురు. ఈమెయిలు చిరునామాను సెంటరువాడే తెరచును. దాని పాస్‌వర్డు అభ్యర్థికి తెలియదు. పిలుపు వచ్చి, చదువువారు లేక, గడువు దాటిపోవచ్చును. కావున ఆ పాస్‌వర్డును తెలిసికొని, దినమునకు ఒకటి రెండు వేళలు నియమించుకొని చూడవలెను. గంటకొకమారు చూచుటవలన జవాబు త్వరగా రాదు. మనస్సు మాత్రము చెదరును.

చెప్పిన గడువు దాటి ఒక వారము గడచిన పిదప విచారించుట తప్పు కాదు. ఉత్తరము చిన్నదిగా ఉండవలెను. ఈ క్రింది మాదిరిని గమనింపుడు:

"అయ్యా, ఫలానా తేదీన మీ కార్యాలయమున ఫలానా ఉద్యోగమునకు ఇంటర్వ్యూకు హాజరైతిని. నా దరఖాస్తు సంఖ్య ఇది. ఫలితము ఫలానా తేదీలోగా తెలియునని ఆనాడు చెప్పితిరి. ఎంపిక ఏ దశలోనున్నదో, ఎప్పటికి తెలియగలదో దయచేసి తెలుపగోరుచున్నాను. కావలసిన పత్రములేవైన నున్నచో పంపుటకు సిద్ధముగా నున్నాను."

ఇట్టి ఉత్తరము ఒక్కటి చాలును. ప్రతిదినము ఫోను చేయుట అభ్యర్థికి మేలు చేయదు. ప్రభుత్వోద్యోగమైనచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఎంపిక ఏ దశలో నున్నదో అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబు ఇయ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది.

అన్నింటికంటె ముఖ్యమైనది, ఒక్క ఇంటర్వ్యూతో దరఖాస్తులు ఆపకుండుట. ఇది మన రైతులకు తెలియని విద్య కాదు. పూర్వపు అనంతపురము జిల్లాలో సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. వేరుసెనగకు అదను దాటినచో రైతు ఆకాశమువంక చూచుచు కూర్చుండడు, ఉలవలు చల్లును. ఉలవలు చల్లినందువలన వాన కోపించి వెళ్లిపోదు. అట్లే మరియొక చోట దరఖాస్తు పెట్టుకొనుట మొదటి ఉద్యోగమునకు ద్రోహము కాదు. నియామకపత్రము చేతికి అంది, అది నిజమైనదని తేలువరకు చేయుచున్న పనిని విడువరాదు.

ఇంటివారు గమనింపవలసినవి

ధర్మవరము చేరువనున్న ఒక నేత కుటుంబమును ఉదాహరణగా ఊహించుకొందము. కొడుకు డిప్లొమా చదివి, ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకు పోయివచ్చినాడు. తండ్రి ఆనాటినుండి వానిని మగ్గముకడకు రానీయలేదు. "రేపో మాపో ఉద్యోగస్థుడు కాబోవువానికి ఇప్పుడీ పని యెందుకు?" అనుట ఆయన ప్రేమ. ఆ ప్రేమవలన కొడుకునకు దినమంతయు ఖాళీ అయినది. రాబోవు జీతమును నమ్మి తండ్రి మోటారుసైకిలునకు అప్పు చేసినాడు. రెండు మాసములకు నిరాకరణ వచ్చినచో ఆ ఇంట దుఃఖమునకు తోడు వాయిదాలును మిగులును. చేతికి రాని జీతమును ఖర్చుపెట్టరాదు. జవాబు రాకముందు మగ్గమునుండి బిడ్డను లేపరాదు. పడుగుపేకలపై చూపు నిలిపిన రెండు గంటలు వాని మనస్సునకు కూడ విశ్రాంతినిచ్చును.

ఆడపిల్లల విషయమున మరియొక చిక్కు కలదు. అబ్బాయికి నిరీక్షణగా ఉన్నది అమ్మాయికి గడువుగా మారును. "ఈ నెలలో రాకున్న సంబంధము ఖాయము చేయుదము" అనుట కొన్ని ఇండ్లలో వినబడును. ఫలితము ఆలస్యమగుట ఆమె చేతిలో లేని పని. దానికి ఆమెచేత మూల్యము చెల్లింపించుట న్యాయము కాదు. ఇట్టిచోట పంచాయతీ సభ్యురాలు తల్లిదండ్రులతో ఒకమారు మాటలాడినచో వారు ఆలోచింతురు.

దళారి లెక్క

అనిశ్చితి ఉన్నచోటికి దళారి వచ్చును. వాని మాట మృదువుగా ఉండును: "50 వేలు ఇమ్ము. ఉద్యోగము రానిచో తిరిగి యిచ్చెదను." వినువారికి ఇందులో నష్టము లేదనిపించును. లెక్క వేసి చూడుడు. వాడు పదిమంది వద్ద 5 లక్షలు తీసికొనును. ఎవరికిని ఏ సాయమును చేయడు. పదిమందిలో ఇద్దరు తమ ప్రతిభవలననే ఎంపికయగుదురు. ఎనిమిదిమందికి సొమ్ము తిరిగి యిచ్చినను వానికి లక్ష రూపాయలు మిగులును. పైగా "మాట నిలుపుకొన్నవాడు" అను పేరు వచ్చి, మరుసటి ఏడు ఇరువదిమంది వత్తురు. తిరిగి ఈయకుండ పారిపోయినచో చెప్పనక్కరలేదు.

ఉద్యోగము ఇచ్చుటకు సొమ్ము అడుగువానిని నమ్మరాదు. శిక్షణ ధరావతు, యూనిఫారము ఖర్చు, వైద్యపరీక్ష రుసుము అను పేరులతో అడిగినను అనుమానింపవలెను. నియామకపత్రము వచ్చినపుడు దానిపైనున్న ఫోను నంబరును గాక, కంపెనీ కార్యాలయపు నంబరును వేరుగా కనుగొని విచారింపవలెను. ఫోను ద్వారా సొమ్ము పోయినచో క్షణమైనను ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలిపి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవలెను. సిగ్గుపడి దాచినచో ఆ దళారి ప్రక్క ఊరికి పోవును.

పంచాయతీ చేయగల సాయము

పంచాయతీ ఉద్యోగమును ఇయ్యలేదు; ఫలితమును త్వరపెట్టలేదు. అయినను ఆ దినములను భరింపదగినవిగా చేయగలదు. గ్రామ సచివాలయములోని డిజిటల్ అసిస్టెంటు సాయముతో ఈమెయిలు తెరచుట, దరఖాస్తు స్థితి చూచుట, పత్రమును సరిచూచుట యువతకు నేర్పింపవచ్చును. గ్రంథాలయమున్న ఊరిలో అది వేళకు తెరచునట్లు చూడవలెను. ఎదురుచూచు యువకులకు తగిన పనులు అప్పగింపవచ్చును: సాయంకాలము పిల్లలకు లెక్కలు చెప్పుట, వృద్ధుల దరఖాస్తులు నింపుట, నీటి కుళాయిల జాబితా తయారుచేయుట. వీలైనచోట వేతనమీయవలెను. సేవ అను పేర వెట్టి కారాదు.

ఊరిలో మాట తీరును సరిదిద్దుట ఖర్చులేని పని. "వచ్చిందా?" అని అడుగుటకు మారుగా "ఈ దినము ఏమి పని?" అని అడుగుట అలవాటు చేసికొందము. ఎంపికయైనవారిని సన్మానించునపుడు, అదే ఇంటర్వ్యూకు పోయి జవాబు రానివారిని సభలో పేరుపెట్టి పిలువరాదు.

తిండి మాని, నిద్ర మాని, గదిలో ఒంటరిగా కూర్చుండువానిని, బ్రదికి లాభము లేదని పలుకువానిని తేలికగా చూడరాదు. ఒంటరిగా విడువక, ఇంటివారికి చెప్పి, వైద్యునకు చూపింపవలెను. 2022లో ఆరంభమైన టెలి మానస్ సహాయకేంద్రమునకు 14416 నంబరుపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును.

ఫలితము వచ్చిన దినము

ఎంపికయైనచో నియామకపత్రమును శ్రద్ధగా చదివి, జీతము, చేరవలసిన తేదీ, షరతులు తెలిసికొని, అటుపిమ్మటనే పాత పనిని విడువవలెను. కానిచో ఒక లెక్కను జ్ఞాపకము చేసికొందము. 2019 నాటి సచివాలయ పరీక్షలలో సగటున ఒక్క ఉద్యోగమునకు పదిహేనుమందికి పైగా పోటీపడిరి. దక్కనివారందరును అసమర్థులని ఎవరును అనలేరు. ఇంటర్వ్యూనాడు వ్రాసియుంచిన కాగితమును తీసి, లోపమెక్కడనో చూచి, తరువాతి దానికి సిద్ధపడవలెను. ఆ వారమున ఒక పంచాయతీ సభ్యుడు ఆ ఇంటికి పోయి, కొంతసేపు కూర్చుండి, మామూలుగా పంటను గూర్చియో మగ్గమును గూర్చియో మాటలాడి వచ్చినను చాలును. ఊరిలో తన గౌరవము చెడలేదని ఆ యువకునకు తెలియును.

పంచాయతీ సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో ఇంటర్వ్యూ ఫలితమునకై ఎదురుచూచువారు సుమారు ఎందరు? వారి పేరులు నలుగురిలో పెట్టకుండ వారికి సాయపడుట ఎట్లు?

2. దరఖాస్తులలో ఇచ్చిన ఈమెయిలును తామే తెరువగలవారు ఎందరు? తక్కినవారికి ఎవరు, ఏ దినమున నేర్పవలెను?

3. ఉద్యోగము ఇప్పింతునని సొమ్ము తీసికొనువారు మన ఊరికి వచ్చుచున్నారా? వారిని గూర్చి గ్రామసభలో ఏ హెచ్చరిక చేయవలెను?

4. రాబోవు మూడు మాసములలో చదువుకొన్న యువతకు పంచాయతీ అప్పగింపగల పనులేవి? వానికి వేతనము ఎచ్చటినుండి సమకూర్పవచ్చును?